రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ఫ్లైట్ టైమ్: ఒక్కో సైట్ ఒక్కోటి చెప్తోంది, ఏది నమ్మాలి?

వెన్నెలబాట
నమస్తే అండి అందరికీ. అమ్మని తీసుకుని ఒక చిన్న ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో చిన్న ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి, రెండూ రోజుకి ఒకటో రెండో ఫ్లైట్లు వచ్చే రకమే. అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది కాబట్టి టైమ్ ముందే లెక్కేసుకుందామని దూరం వెతికితే ఒక సైట్ 291 అంది, ఇంకోటి 181 అంది, మూడోది 157 అంది. టైమ్ అయితే మరీ, ఒకచోట 22 నిమిషాలు, ఒకచోట 52 నిమిషాలు, టికెట్ బుక్ చేసే చోట చూస్తే 1 గంట 10 నిమిషాలు, తిరుగు ఫ్లైట్‌కేమో సరిగ్గా గంట. రోడ్డు మీద 390 కిలోమీటర్లు. ఇందులో ఏది పట్టుకుని ప్లాన్ చేసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గాలివాటం
దూరాలు మూడూ కరెక్టే అండి, కొలత వేరు అంతే. 291 కిలోమీటర్లు, 181 మామూలు మైళ్లు, 157 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు, 157ని 1.852తో గుణించి చూడండి, 290.8 వస్తుంది. విమానాల వాళ్లూ ఓడల వాళ్లూ దాన్నే వాడతారు, అక్షాంశం మీద ఒక నిమిషం దాదాపు ఒక నాటికల్ మైలు అవుతుంది కాబట్టి చార్టు మీద డివైడర్ పెట్టి నేరుగా కొలిచేయొచ్చు. నాట్ అన్నా అదే లెక్క, గంటకి ఒక నాటికల్ మైలు.

మ్యాపులమనిషి
గాలివాటం గారు చెప్పిందానికి ఇంకొంచెం కలుపుతా. సైట్లు చూపించేది రెండు ఎయిర్‌పోర్టుల రిఫరెన్స్ పాయింట్ల మధ్య, అంటే ప్రతి ఎయిర్‌పోర్టుకీ అఫీషియల్‌గా పెట్టిన ఒక అక్షాంశ రేఖాంశం ఉంటుంది, వాటి మధ్య భూమి వంపు మీద అతి దగ్గరి దారి. కొన్ని సైట్లు భూమిని 6371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి బంతి అనుకుని లెక్కేస్తాయి, కొన్ని నిజం ఆకారం, అంటే భూమధ్యరేఖ దగ్గర 6378, ధ్రువాల వైపు 6357 ఉండే ఆకారం తీసుకుంటాయి. దాని వల్ల వచ్చే తేడా మహా అయితే అర శాతం, మీ 291కి కిలోమీటరున్నర లోపే. కాబట్టి ఒక సైట్ 290 అని ఇంకోటి 291 అంటే కంగారు పడక్కర్లేదు. కానీ ఇరవై ముప్పై కిలోమీటర్లు తేడా వస్తే మాత్రం ఎక్కడో కోఆర్డినేట్ తప్పు పడిందని అర్థం. ఎక్కువగా జరిగేది ఏంటంటే డిగ్రీలు నిమిషాల్లో ఉన్నదాన్ని అలాగే డెసిమల్‌లా కొట్టేయడం. 16 డిగ్రీల 45 నిమిషాలు అంటే 16.75, దాన్ని 16.45 అని కొడితే 18 నాటికల్ మైళ్లు, అంటే 33 కిలోమీటర్లు పక్కకి పోతుంది. చిన్న ఎయిర్‌పోర్టుల డేటా చాలాచోట్ల చేత్తో ఎక్కించిందే, అందుకే వీటి దగ్గర ఈ తప్పు ఎక్కువ కనబడుతుంది.

ఇంకోటి, పేరు పెట్టి వెతక్కండి, కోడ్ పెట్టి వెతకండి. ఒకే పేరుతో రెండు మూడు దేశాల్లో ఊళ్లు ఉంటాయి, టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ కానీ పైలట్లు వాడే నాలుగక్షరాల కోడ్ కానీ అయితే తేడా రాదు. బాగా చిన్న ఎయిర్‌ఫీల్డులకి మూడక్షరాలది అసలు ఉండకపోవచ్చు, అప్పుడు నాలుగక్షరాలదే దిక్కు.

వెన్నెలబాట
చాలా థాంక్సండి ఇద్దరికీ, దూరం సంగతి తేలింది. మరి టైమ్? 22 నిమిషాలకీ 70 నిమిషాలకీ మూడింతల తేడా ఉంది కదా, అది కొలతల తేడా కాదు కదా?

తోకచుక్క
22 నిమిషాలు అంటే సింపుల్‌గా 291ని 800తో భాగించారు అక్క. గంటకి 800 కిలోమీటర్లు అనుకున్నరు, టేకాఫ్ ల్యాండింగ్ ఏం కలపలే. 52 చెప్పినోడు దానికే అరగంట కలిపిండు. రెండు సైట్లూ పెద్ద జెట్ విమానం లెక్కనే పెట్టినయ్, నీ రూట్లో ఏ విమానం తిరుగుతదో వాటికి తెల్వదు. టికెట్ మీద విమానం పేరు రాసి ఉంటది, అది చూసి చెప్పు.

వెన్నెలబాట
ఏటీఆర్ 72-600 అని ఉంది తమ్ముడూ.

డిస్పాచ్‌డెస్క్
అయితే నేను విడమర్చి చెప్తాను, నా పనే ఇది, రోజూ చిన్న స్టేషన్ల ఫ్లైట్ ప్లాన్లు చూస్తుంటాను. పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఏటీఆర్ 72 రెండు ప్రొపెల్లర్ల విమానం, బాగా వేగంగా వెళ్తే 270, 275 నాట్లు, అంటే గంటకి 500 కిలోమీటర్లు చిల్లర. జెట్ లెక్క దీనికి పెడితే మొదట్లోనే తప్పు. సరే 270 నాట్లే అనుకుని 157ని భాగించినా 35 నిమిషాలే కదా వస్తుంది అంటారు. కానీ ఆ స్పీడు మధ్యలో కాసేపే ఉంటుంది. మీ రూటుకి నేను వేసే అంచనా ఇది: గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి రన్‌వే చివరికి చేరడానికి ఒక ఆరు నిమిషాలు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే పక్కనే సమాంతరంగా టాక్సీవే చాలాచోట్ల ఉండదు, విమానం రన్‌వే మీదే ఆ చివరిదాకా వెళ్లి అక్కడ వెనక్కి తిరిగి టేకాఫ్ చెయ్యాలి, దాన్ని బ్యాక్‌ట్రాక్ అంటాం. ఆ టైమ్‌లో పైన ఇంకో విమానం దిగడానికి వస్తుంటే అది దిగిందాకా ఆగాలి. తర్వాత 16,000 అడుగులకి ఎక్కడానికి దాదాపు 15 నిమిషాలు, ఆ లోపు ఒక 50 నాటికల్ మైళ్లు పోతుంది, ఎక్కేటప్పుడు స్పీడు తక్కువ కాబట్టి సగటున 200 నాట్లే పడుతుంది. దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే ప్రతి వెయ్యి అడుగులకీ 3 నాటికల్ మైళ్లు, అంటే 16 వేల అడుగులకి 48, స్పీడు తగ్గించుకోవడానికి ఇంకో నాలుగైదు, మొత్తం 52 మైళ్ల ముందే మొదలవుతుంది, దానికి 14 నిమిషాలు. ఎక్కడానికి 50, దిగడానికి 52 పోతే మిగిలింది 55 మైళ్లు, అసలు క్రూజ్, అంటే పైన ఒకే ఎత్తులో పోవడం అనేది అంతే, 12 నిమిషాలు. అందుకే కదా చిన్న రూట్లలో సీట్ బెల్ట్ లైటు ఆరి ఇలా టీ ఇచ్చారో లేదో అలా మళ్లీ వెలుగుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. అక్కడ రాడార్ లేకపోతే కంట్రోలర్ ఒక్కో విమానాన్నీ టైమూ ఎత్తూ చూసి విడదీసి ఒకటి తర్వాత ఒకటి దింపుతాడు. గాలి ఎటు నుంచి వీస్తే అటు ముఖం పెట్టి దిగాలి కాబట్టి, మీరు వచ్చే దిక్కుకి రన్‌వే ఎదురుగా లేకపోతే ఎయిర్‌పోర్టు దాటి అవతలికి వెళ్లి తిరిగి రావాలి, దానికి ఇంకో ఏడు నిమిషాలు. దిగాక స్టాండ్‌కి చేరడానికి నాలుగు. కూడండి: 6, 15, 12, 14, 7, 4, మొత్తం 58. అందులో గాల్లో ఉన్నది 48 నిమిషాలే. మీ టికెట్ మీద 70 ఉందంటే 12 నిమిషాలు చేతిలో పెట్టుకుని టైమ్‌టేబుల్ వేశారన్నమాట. నాకైతే న్యాయంగానే ఉంది.

తోకచుక్క
మస్తు క్లియర్‌గ చెప్పినవ్ అన్న. ఇదే రూట్ల జెట్ పెడితే ఎంత తగ్గుతది?

డిస్పాచ్‌డెస్క్
ఇంత చిన్న దూరానికి ఓ పది నిమిషాలు తగ్గుతుందేమో తమ్ముడూ, అంతకన్నా ఆశ పెట్టుకోకు. చాలాచోట్ల 10,000 అడుగుల కింద 250 నాట్ల లిమిట్ ఉంటుంది, అక్కడ జెట్ అయినా ఆగాల్సిందే. టాక్సీ అంటే నేల మీద నడవడం, అప్రోచ్ అంటే దిగడానికి రన్‌వే వైపు రావడం, ఈ రెండూ ఏ విమానానికైనా అవే. జెట్‌కి పైకి వెళ్లి స్పీడు అందుకునేలోపే దిగే టైమ్ వచ్చేస్తుంది, ఫ్యూయల్ మాత్రం బాగా ఎక్కువ తాగుతుంది. అందుకే ఇలాంటి రూట్లలో ఏటీఆర్ లాంటి టర్బోప్రాప్‌లే నిలబడ్డాయి. రన్‌వే చిన్నదైనా వాటికి చాలు, అది ఇంకో కారణం.

నిజంమాత్రమే
ఆ 12 నిమిషాల సంగతి నేను ఒప్పుకోను. టైమ్‌టేబుల్లో ఎక్కువ రాసుకుని, లేటుగా బయల్దేరి కూడా ఆన్ టైమ్ వచ్చామని చెప్పుకోవడానికే ఇదంతా. పైగా 15 నిమిషాల లోపు లేటైతే అది లేటు కిందే లెక్కపెట్టరు. అంటే ప్రయాణికుడికి రెండు పక్కలా అసలు టైమ్ తెలియదు. గాల్లో 48 నిమిషాలు అని, మొత్తం 70 నిమిషాలు అని రెండూ టికెట్ మీద వేస్తే ఏం పోతుంది?

డిస్పాచ్‌డెస్క్
మీ బాధ అర్థమైంది, రెండూ వేస్తే మంచిదే, నేనూ కాదనను. కానీ 58 అని రాస్తే సగం రోజులు లేటవుతుంది. చిన్న రూట్లలో అదే విమానం ఒకే రోజు ఆరు ఎనిమిది సెక్టార్లు, అంటే అన్ని ట్రిప్పులు తిరుగుతుంది, పొద్దున పది నిమిషాలు జారితే సాయంత్రానికి అది గంట అవుతుంది, సిబ్బంది డ్యూటీ టైమ్ కూడా దాటిపోయే ప్రమాదం ఉంటుంది, అప్పుడు ఆఖరి ఫ్లైట్ లేటు కాదు, రద్దే. ఆ ఆఖరి ఫ్లైట్లో కూర్చునేవాళ్లకి ఆ 12 నిమిషాలు చాలా విలువైనవి.

నిజంమాత్రమే
రద్దు అయ్యేదానికన్నా నయమే, ఆ మాట నిజమే. అయినా రెండు అంకెలూ చూపించాలనే అంటాను.

రెక్కలు
ట్రైనింగ్‌లో ఉన్నాను, మాకు నేర్పిన విషయం ఒకటి చెప్తాను. పైలట్ లాగ్‌బుక్‌లో రాసే ఫ్లైట్ టైమ్ కూడా గాల్లో టైమ్ కాదండి, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం టేకాఫ్ కోసం విమానం మొదట కదిలిన క్షణం నుంచి ఫ్లైట్ అయ్యాక చివరికి ఆగిన క్షణం దాకా. కాబట్టి టికెట్ మీద మొత్తం టైమ్ రాయడం పాత పద్ధతే. ఎయిర్‌లైన్ విమానాల్లో అయితే కదిలింది, ఎగిరింది, తాకింది, ఆగింది అని నాలుగు టైమ్‌లూ ఆటోమేటిక్‌గా కంపెనీకి వెళ్లిపోతాయి.

మేము నడిపే సెస్నా 172 అయితే ఈ 157 నాటికల్ మైళ్లకి గాలి ఏం లేకపోతే 115 నాట్ల మీద గంటా ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఫ్యూయల్ మాత్రం ఆ గంటా ఇరవైకే పోసుకుంటే కుదరదు, టాక్సీకి, దారిలో అనుకోని ఖర్చుకి, దిగలేకపోతే వేరే ఎయిర్‌పోర్టుకి, అన్నీ అయ్యాక కూడా చివర్లో ముట్టుకోకూడని రిజర్వు. ఎయిర్‌లైన్ల నిబంధనల్లో ఆ రిజర్వు పిస్టన్ ఇంజన్‌కి 45 నిమిషాలు, టర్బైన్‌కి 30 నిమిషాలు. ఇది ఎందుకు చెప్తున్నానంటే విమానం గాల్లో ఒక పావుగంట తిప్పితే ఇంధనం అయిపోతుందేమో అని పెద్దవాళ్లు భయపడతారు, అమ్మగారికి ముందే చెప్పండి, అది ప్లాన్‌లో ఉన్నదే. హోల్డింగ్ అంటే ఒక్కో రౌండు దాదాపు నాలుగు నిమిషాలు, తిరగడానికి ఒక నిమిషం, నేరుగా ఒక నిమిషం, మళ్లీ తిరగడం, మళ్లీ నేరుగా.

వెన్నెలబాట
అమ్మకి కచ్చితంగా చెప్తాను అమ్మా, ఆవిడ మొదటిసారి ఎక్కడం. మరి తిరుగు ఫ్లైట్ పది నిమిషాలు తక్కువ ఎందుకుంది? దూరం అదే కదా.

గాలివాటం
గాలి అండి! నా పేరే అది కాబట్టి ఈ ప్రశ్న నాది. ఒక లెక్క చూడండి, తేలిగ్గా ఉండటానికి 240 నాటికల్ మైళ్ల దూరం, 240 నాట్ల విమానం అనుకుందాం, గాలి లేకపోతే సరిగ్గా గంట. 60 నాట్ల గాలి ఎదురొస్తే నేల మీద లెక్కకి స్పీడు 180, అంటే 80 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 300, అంటే 48 నిమిషాలు. పోయిన 20 నిమిషాలకి తిరిగొచ్చింది 12 మాత్రమే, రానూ పోనూ కలిపి 128, గాలి లేకపోతే 120. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ, ఎప్పుడూ అంతే. విమానం ఎంత నెమ్మదిదైతే ఆ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది, అందుకే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు ఉండే 30 వేల అడుగుల పైకి ఏటీఆర్ అసలు వెళ్లకపోయినా కింది గాలులే దాని టైమ్ మార్చేస్తాయి. సీజన్ మారితే టైమ్‌టేబుల్ కూడా ఐదో పదో నిమిషాలు మారడం దీనివల్లే.

రన్‌వే దిక్కు కూడా కారణం కావచ్చు, ఒక ఎయిర్‌పోర్టులో నేరుగా వచ్చి దిగిపోయే వీలుంటుంది, రెండోదాంట్లో చుట్టు తిరగాలి.

మ్యాపులమనిషి
ఇంకో చిన్న విషయం, రెండు ఎయిర్‌పోర్టులూ వేరే టైమ్ జోన్లలో ఉంటే బయల్దేరేది ఇక్కడి టైమ్, దిగేది అక్కడి టైమ్ వేస్తారు. అలాంటప్పుడు రెండు గడియారాలూ తీసేస్తే వచ్చేది ఫ్లైట్ టైమ్ కాదు. రెండిటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లోకి మార్చి తీసెయ్యాలి. మీది ఒకే జోన్ అయితే వదిలేయండి.

రాత్రిపూట
నేను ట్రాకింగ్ యాప్‌లో చూస్తూ ఉంటాను, చిన్న ఎయిర్‌పోర్టుల ఫ్లైట్లు దిగకముందే స్క్రీన్ మీంచి మాయమైపోతాయి, ఒకసారి అలా అయితే ఇంట్లో అందరం హడలిపోయాం. ఎందుకలా?

రెక్కలు
విమానం పంపే సిగ్నల్ 1090 మెగాహెర్ట్జ్‌లో నేరుగా వెళ్తుందండి, భూమి వంపు, కొండలు అడ్డొస్తే రిసీవర్‌కి అందదు. పైన ఉన్నప్పుడు రెండొందల మైళ్ల అవతల రిసీవర్ కూడా పట్టుకుంటుంది, 3,000 అడుగులకి దిగేసరికి అడ్డం ఏం లేకపోయినా 70 నాటికల్ మైళ్ల లోపే. పెద్ద సిటీల చుట్టూ రిసీవర్లు పెట్టినవాళ్లు చాలామంది ఉంటారు, చిన్న ఊరి దగ్గర ఒక్కరూ ఉండకపోవచ్చు. మాయమైందంటే ప్రమాదం అని కాదు, దిగుతోందని. ఎదురు వచ్చేవాళ్లకి ఈ మాట చెప్పి పెట్టండి.

కొండదారి
టైమ్ లెక్కలన్నీ బాగున్నాయి కానీ అసలు విషయం ఎవరూ అనట్లేదు. 70 నిమిషాలా 58 నిమిషాలా అన్నది కాదండి, రోజుకి ఎన్ని ఫ్లైట్లు అన్నది చూడండి. పెద్ద ఎయిర్‌పోర్టులో ఒకటి రద్దయితే రెండు గంటల్లో ఇంకోటి ఉంటుంది, ఇక్కడ ఒకటి రద్దయితే రేపే. చిన్న రన్‌వేలకి చాలాచోట్ల ఐఎల్ఎస్, అంటే రేడియో సిగ్నల్‌తో విమానాన్ని రన్‌వే దాకా దారి చూపించే ఏర్పాటు ఉండదు. ఐఎల్ఎస్ ఉంటే మామూలు కేటగిరీ వన్‌లో 200 అడుగుల దాకా దిగి చూసి, 550 మీటర్లు కనబడితే దిగిపోవచ్చు. అది లేకపోతే ఇంకా చాలా పైనే ఉండగా రన్‌వే కనబడాలి, లేదంటే మళ్లీ పైకి లేపాల్సిందే. శాటిలైట్ అప్రోచ్‌లు వచ్చాక చాలా మెరుగైంది, ఐనా పొద్దున పూట పొగమంచులో ఇప్పటికీ ఇబ్బందే. రాత్రి లైట్లు లేని ఎయిర్‌పోర్టులైతే సూర్యాస్తమయానికి ముందే దిగాలి, ముందు సెక్టార్ లేటైతే మీది ఎగరదు.

నేను ఇదే రకం రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా ఫ్లైట్ లేక పెద్ద ఎయిర్‌పోర్టు మీదుగా విడివిడి టికెట్లు తీసుకున్నాను. మొదటిది నలభై నిమిషాలు లేటైంది, రెండోది వెళ్లిపోయింది, విడి టికెట్లు కాబట్టి మా బాధ్యత కాదన్నారు. రాత్రంతా కుర్చీల్లో గడిపాం. మ్యాప్ మీద 300 కిలోమీటర్లే, తిరిగింది వెయ్యి పైనే. డాక్టర్ అపాయింట్‌మెంట్ అంటున్నారు కాబట్టి చెప్తున్నా, ముందు రోజే వెళ్లిపోండి. అదే రోజు వద్దు.

డిస్పాచ్‌డెస్క్
కొండదారి గారి మాటకి నా ఓటు. కనెక్షన్ ఉంటే ఒకే టికెట్ మీద తీసుకోవాలి, అప్పుడు మిస్సయితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది, లగేజీ కూడా మామూలుగా చివరిదాకా వాళ్లే పంపుతారు. ముందు రోజు వెళ్లే పని అయితే పొద్దున ఫ్లైట్ కన్నా మధ్యాహ్నంది మంచిది, మంచు తేలిపోతుంది.

తోకచుక్క
అక్క, 390 కిలోమీటర్లకి కార్ల పోతే కాదా? డైరెక్ట్‌గ ఇంటి ముంగట్నే దిగుతరు.

వెన్నెలబాట
అదీ ఆలోచించా తమ్ముడూ, ఆరున్నర ఏడు గంటలు కూర్చోవాలి, అమ్మకి మోకాళ్లు నొప్పి, అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు.

మ్యాపులమనిషి
ఇంటి నుంచి చివరిదాకా లెక్కేయండి. ఎయిర్‌పోర్టుకి 40 నిమిషాలు, గంటంబావు ముందు చేరడం, ఫ్లైట్ 70, లగేజీ ఒక పావుగంట, అక్కడి నుంచి ఇంకో 40. మొత్తం నాలుగు గంటలు. రోడ్డు ఏడు గంటలైతే మూడు గంటలు మిగిలినట్టే, అదీ మధ్యలో లేచి నడుస్తూ. నేరుగా దూరం 200 కిలోమీటర్ల లోపు అయితే ఈ లెక్క తిరగబడుతుంది, రోడ్డే గెలుస్తుంది, మధ్యలో సముద్రమో కొండలో లేకపోతే. సముద్రం ఉంటే ఎంత చిన్న దూరమైనా విమానమే, స్కాట్లాండ్ ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లకి సర్వీస్ ఉంది, 1967 నుంచి నడుస్తోంది, రెండు నిమిషాల్లో దిగిపోతారు, గాలి కలిసొచ్చినప్పుడు 53 సెకన్లలో దిగిన రికార్డు ఉంది. ప్రపంచంలో అతి చిన్న షెడ్యూల్డ్ ఫ్లైట్ అదే.

తోకచుక్క
53 సెకన్లా!! అబ్బ.

రాత్రిపూట
మోకాళ్ల నొప్పి అన్నారు కాబట్టి, మా నాన్నని తీసుకెళ్లిన అనుభవంతో చెప్తున్నా. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనకవైపు ఉంటుంది, తలుపే మెట్లలా కిందకి తెరుచుకుంటుంది, నాలుగైదు మెట్లు ఎక్కాలి. చిన్న ఎయిర్‌పోర్టులో ఏరోబ్రిడ్జి ఉండదు, విమానం దాకా నడిపిస్తారు. అందుకని వీల్‌చెయిర్ అసిస్టెన్స్ ముందే, కనీసం 48 గంటల ముందు అడిగి పెట్టండి, మెట్లు అసలు ఎక్కలేరు అని కూడా చెప్పండి, ఎందుకంటే వీల్‌చెయిర్ అంటే విమానం దాకా అని ఒక రకం, సీటు దాకా అని ఒక రకం ఉంటాయి. సీటు వెనక వరసల్లో తీసుకోండి, తలుపు అక్కడే కదా, నడక తగ్గుతుంది. పై అరలు చిన్నవి, మామూలు ట్రాలీ బ్యాగ్ పట్టకపోవచ్చు, మందులు మాత్రం చిన్న సంచిలో వేసి చేతిలోనే పెట్టుకోండి.

వెన్నెలబాట
అడిగినదానికన్నా ఎక్కువే చెప్పారు అందరూ, నిజంగా చాలా థాంక్స్. ముందు రోజు మధ్యాహ్నం ఫ్లైట్‌కి మార్చేశాను, వెనక నుంచి రెండో వరసలో సీట్లు దొరికాయి, అసిస్టెన్స్ సీటు దాకా అని రాయించాను. డిస్పాచ్‌డెస్క్ గారూ, ఇంకొక్క ప్రశ్న, మధ్యాహ్నం ఎండలో కుదుపులు ఎక్కువ ఉంటాయంటారు కదా, 16 వేల అడుగుల్లో ఉంటాయా?

డిస్పాచ్‌డెస్క్
ఎండకి నేల వేడెక్కి లేచే గాలి వల్ల కుదుపులు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఉంటాయండి, మామూలుగా మేఘాల వరస దాటి పైకి వెళ్తే సర్దుకుంటుంది. ఎక్కాక ఓ పది నిమిషాలు, దిగే ముందు ఓ పది నిమిషాలు అనుకోండి. ఏటీఆర్‌లో తోక దగ్గర కొంచెం ఎక్కువ తెలుస్తుంది, రెక్క దగ్గర తక్కువ. అమ్మగారికి మెట్ల దగ్గర నడక తగ్గడమే ముఖ్యం అంటే ఆ వెనక సీట్లే ఉంచేయండి, బెల్టు మాత్రం దారి పొడుగునా పెట్టుకునే ఉండమనండి.